మాత్రకు మిరియం తోడైతే

పోయిన వేసవిలో మా మేనత్తకు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. చీటీ లేకుండానే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు ఐదు రోజులు వేసుకుంది. మంట తగ్గలేదు సరికదా, చలిజ్వరం పట్టుకుంది. అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళితే కల్చర్ టెస్టు రాశారు. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. పైన ఈ. కోలై అని బ్యాక్టీరియా పేరు, కింద ఇరవై దాకా మందుల పేర్లు, ఒక్కో పేరుకు ఎదురుగా ఒక్కో అక్షరం. ‘ఎస్’ అని ఉంటే ఆ మందుకు లొంగుతుందని, ‘ఆర్’ అని ఉంటే లొంగదని అర్థం. వేలు పెట్టి ఒక్కో వరుసే దిగుతూ వచ్చాను. సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్. అమాక్సిసిలిన్ ఆర్. సెఫిక్సిమ్ ఆర్. నాలుగైదింటికి మాత్రమే ఎస్ ఉంది. వాటిలో ఎక్కువ ఇంజెక్షన్లే.

అత్తయ్య మంచం మీంచే అడిగింది. “ఏరా, మిరియాల కషాయంతో మాత్ర వేసుకుంటే మొండి క్రిములు కూడా చస్తాయటగా? ఫోన్‌లో వచ్చింది. నువ్వు చదివిన చదువు అదేగా, నిజమేనా?”

నేను చదివింది ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. ప్రాజెక్టు కూడా మొక్కల రసాల మీదే చేశాను. అయినా ఆవిడకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. మిరియాలలో ఉండే ఒక పదార్థం యాంటీబయాటిక్‌కు బలం ఇచ్చిన మాట నిజమే. అయితే అది వేరే బ్యాక్టీరియా మీద, వేరే మోతాదులో, మనిషి ఒంట్లో కాకుండా గాజు గొట్టంలో జరిగింది. ఫోన్‌లో వచ్చే సందేశాల్లో ఈ మూడు సంగతులూ జారిపోయి మిరియం ఒక్కటే మిగులుతుంది. దాన్ని కొట్టిపారేసేవాళ్ల మాటల్లో మాత్రం అసలు సైన్సే జారిపోతుంది. ఈ రెండూ నాకు బాధగానే ఉంటాయి. ఇది చిన్న విషయం కాదు. 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12.7 లక్షల మందిని చంపిందని, మొత్తం 49.5 లక్షల మరణాల్లో దానికి పాత్ర ఉందని 2022లో వచ్చిన ప్రపంచ స్థాయి అంచనా చెప్పింది.

తోడిపోసే పంపు

యాంటీబయాటిక్ పని చేయాలంటే అది బ్యాక్టీరియా లోపలికి పోవాలి, అక్కడ చెడకుండా నిలవాలి, తాను పట్టుకోవలసిన చోటును పట్టుకోవాలి. బ్యాక్టీరియా ఈ మూడింటిలో ఎక్కడైనా అడ్డం పడగలదు. గోడ గట్టి చేసుకుని లోపలికి రానివ్వదు. ఎంజైమ్‌లతో మందును ముక్కలు చేస్తుంది. మందు పట్టుకునే చోటు ఆకారాన్నే మార్చేసుకుంటుంది. ఇవి కాక ఇంకొకటుంది. మొక్కల కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగాలి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపిస్తున్న రోజుల్లో, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందును పట్టుకున్నారు. అదే ఆరియోమైసిన్. 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటి మందు అది. ఎన్నో రకాల బ్యాక్టీరియాను చంపేది. ఆ తర్వాత కొన్నేళ్లకే దానికి లొంగని బ్యాక్టీరియా కనిపించడం మొదలైంది. ఎందుకు లొంగడం లేదో చాలాకాలం అంతుపట్టలేదు. 1980లో అమెరికాలోనే స్టువర్ట్ లెవీ బృందం దాని గుట్టు విప్పింది. టెట్రాసైక్లిన్ ఈ. కోలై లోపలికి బాగానే వెళుతోంది. కానీ వెళ్లిన మందును బ్యాక్టీరియా తన శక్తి ఖర్చు పెట్టి మరీ బయటికి తోడేస్తోంది. చిల్లుపడ్డ పడవలో కూర్చున్నవాడు వచ్చిన నీళ్లను వచ్చినట్టే తోడిపోసినట్టు. నీళ్లు రావడం ఆగదు, పడవా మునగదు.

ఇలాంటి పంపులు ఒకటీ రెండూ కావని తర్వాత తెలిసింది. ఒక్క మందునే తోడేవి కొన్ని, సంబంధం లేని పది రకాల మందుల్ని తోడేవి కొన్ని. చీముగడ్డలకు కారణమయ్యే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాలో ‘నార్ ఏ’ అనే పంపు ఉంది. అత్తయ్య వేసుకున్న సిప్రోఫ్లాక్సాసిన్‌ను అది తోడేస్తుంది. కొన్ని రంగుల్ని, క్రిమినాశక ద్రవాల్ని, కొన్ని మొక్కల చేదు పదార్థాల్ని కూడా తోడేస్తుంది.

ఆ చివరి మాట దగ్గరే మొక్కలు కథలోకి వచ్చాయి.

ఒకే పొదలో రెండు పనిముట్లు

మొక్కకు మనలా ఒళ్లంతా తిరిగి క్రిముల్ని వేటాడే రక్తకణాలు లేవు. ఉన్నచోటు నుంచి కదలలేదు. బూజులు, బ్యాక్టీరియా నిండిన మట్టిలోనే నూరేళ్లు బతకాలి. కాబట్టి రసాయనాల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అయితే ఆ రసాయనాలను ఒక్కొక్కటిగా వేరుచేసి బ్యాక్టీరియా మీద వేస్తే చాలావాటికి పెద్దగా బలం కనిపించదు. మంచి యాంటీబయాటిక్ మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము ఉంటే చాలనుకుంటే, మొక్క పదార్థాలు చాలావాటికి వందల మైక్రోగ్రాములు కావాలి. అలాంటప్పుడు మొక్క ఎలా బతుకుతోంది?

2000 సంవత్సరంలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందాలు అమెరికాలోని ఒక బార్బెరీ పొదలో దీనికి చక్కటి జవాబు చూపించాయి. ఆ పొదలో బెర్బెరిన్ అనే పసుపుపచ్చ చేదు పదార్థం ఉంటుంది. మనకు తెలిసిన మానుపసుపుకు ఆ రంగు ఇచ్చేదీ అదే. బెర్బెరిన్‌కు స్టెఫిలోకాకస్‌ను చంపే శక్తి ఉంది. కానీ నార్ ఏ పంపు దాన్ని తోడేస్తుంది. అదే పొద ఆకుల్లో వాళ్లకు ఇంకో పదార్థం దొరికింది. దాని పేరు మెథాక్సీహైడ్నోకార్పిన్. బ్యాక్టీరియాకు దీనివల్ల ఏ హానీ లేదు. ఎంత వేసినా చావదు. ఇది చేసే పనల్లా పంపును ఆపడమే. పంపు ఆగితే బెర్బెరిన్ లోపలే నిలుస్తుంది, బ్యాక్టీరియా చస్తుంది. ఒకే పొదలో కత్తి ఉంది, ఆ కత్తిని తోసేసే చేతిని పట్టి ఆపే చెయ్యీ ఉంది. (హైడ్నోకార్పిన్ అనే పేరు, ఒకప్పుడు కుష్ఠుకు వాడిన చాల్‌మోగ్రా నూనె ఇచ్చే చెట్ల జాతి పేరు నుంచి వచ్చింది.)

నాకు చదువుకునే రోజుల్లో ఈ విషయం తెలిసి చాలా సంతోషం కలిగింది. అంతవరకు మొక్కల్లో కొత్త యాంటీబయాటిక్ ఎక్కడుందా అని వెతకడమే చూశాను. మొక్క చూపిస్తున్న దారి వేరు. ఉన్న మందు పోగొట్టుకున్న బలాన్ని దానికి తిరిగి ఇప్పించే తోడును వెతకమంటోంది. ఆయుర్వేదంలో మందును తేనెతోనో పాలతోనో ఇవ్వడాన్ని అనుపానం అంటారు. ఆ మాటకు అర్థం వేరే అయినా, ఆలోచన ఎక్కడో దగ్గరగా తగులుతుంది.

మిరియం కథ మన దేశానిదే. మిరియాల ఘాటుకు కారణం పైపరిన్ అనే పదార్థం. 2006లో జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనశాల శాస్త్రవేత్తలు దాన్ని సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిపి స్టెఫిలోకాకస్ మీద వేశారు. బ్యాక్టీరియాను ఆపడానికి కావలసిన సిప్రో మోతాదు తగ్గింది. ఇలా ఎందుకు జరిగిందో చూడటానికి వాళ్లు ఎథిడియం బ్రోమైడ్ అనే రంగును వాడారు. అది కణంలో డీఎన్‌ఏకు అతుక్కుంటే మెరుస్తుంది. మామూలుగా అయితే పంపు ఆ రంగును తోడేస్తుంది, మెరుపు తగ్గిపోతుంది. పైపరిన్ ఉన్నప్పుడు మెరుపు నిలిచింది. అంటే పంపు సరిగా పని చేయడం లేదన్నమాట. ఇంకో మంచి సంగతి కూడా కనిపించింది. పైపరిన్ తోడున్నప్పుడు సిప్రోకు కొత్తగా మొండికేసే బ్యాక్టీరియా పుట్టడమూ తగ్గింది. నా దృష్టిలో మోతాదు తగ్గడం కన్నా ఇదే పెద్ద విషయం.

తొంభై ఆరు గుంటల పలక

‘కలిపితే బాగా పని చేసింది’ అనే మాటను శాస్త్రవేత్తలు ఎలా కొలుస్తారో దగ్గరగా చూడాలి. చాలా గందరగోళం పుట్టేది అక్కడే.

అరచేయంత ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. అందులో ఎనిమిది అడ్డ వరుసలు, పన్నెండు నిలువు వరుసలు, మొత్తం తొంభై ఆరు చిన్న గుంటలు. ఎడమ నుంచి కుడికి యాంటీబయాటిక్‌ను సగం సగం తగ్గించుకుంటూ పోస్తాం. పైనుంచి కిందికి మొక్క పదార్థాన్ని అలాగే సగం సగం తగ్గిస్తాం. అలా ప్రతి గుంటలో వేరే పాళ్ల మిశ్రమం తయారవుతుంది. అన్నింట్లో ఒకే లెక్కన బ్యాక్టీరియాను వేసి, 37 డిగ్రీల వెచ్చదనంలో రాత్రంతా ఉంచుతాం. పొద్దున రిసాజురిన్ అనే నీలం రంగు చుక్క వేస్తాం. బ్యాక్టీరియా బతికి ఉన్నచోట నీలం గులాబీగా మారుతుంది, చచ్చినచోట నీలంగానే ఉంటుంది. చీకటిగా ఉన్న ఇంక్యుబేటర్ తలుపు తీసి, ఆ పలకను కిటికీ వెలుగులో పెట్టి, గులాబీ ఎక్కడ ఆగి నీలం ఎక్కడ మొదలైందో చూసే క్షణం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక లెక్క. యాంటీబయాటిక్ ఒంటరిగా అయితే మిల్లీలీటరుకు 64 మైక్రోగ్రాములు కావాలి, తోడుంటే 8 చాలు అనుకుందాం. అంటే ఎనిమిదో వంతు, 0.125. మొక్క పదార్థం ఒంటరిగా అయితే 128 కావాలి, తోడుంటే 32 చాలు. అంటే నాలుగో వంతు, 0.25. రెండూ కలిపితే 0.375. ఈ మొత్తం 0.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటేనే ఒకదానికొకటి బలం ఇచ్చాయని ఒప్పుకుంటారు. 4 దాటితే ఒకదాన్నొకటి దెబ్బతీస్తున్నట్టు. మధ్యలో ఉంటే ఏమీ తేల్చలేం. హద్దు ఇంత కఠినంగా ఎందుకంటే, ఈ పరీక్షలో ఒక గుంట అటూ ఇటూ కావడం మామూలే. ఒక్క గుంట తేడా అంటే మోతాదు రెట్టింపు లేదా సగం. 0.7 వచ్చినా ‘అద్భుత ఫలితం’ అని రాసేవాళ్లు ఉంటారు. అలాంటి వార్త చూసినప్పుడు ఈ అంకె ఎంతని అడగడం మన హక్కు.

ఇంకో చిక్కు మొక్కల రంగుతోనే వస్తుంది. నేను పసుపులోని కర్క్యుమిన్‌తో ఈ పరీక్ష చేసినప్పుడు గుంటలన్నీ పచ్చగా ఉండి, నీలమూ గులాబీ తేల్చుకోవడం పెద్ద టెన్షన్ అయింది. కర్క్యుమిన్ మీద వెలుగు పడితే అదీ వెలుగు చిమ్ముతుంది, నీటిలో త్వరగా విరిగిపోతుంది, ఎదురుపడ్డ చాలా ప్రోటీన్లకు అతుక్కుంటుంది. అందుకే పరీక్షల్లో అది లేని ప్రభావాన్ని కూడా ఉన్నట్టు చూపించగలదని 2017లో రసాయన శాస్త్రవేత్తలు గట్టిగా హెచ్చరించారు. మొత్తం ఆకురసాన్ని వాడితే కష్టం ఇంకా పెరుగుతుంది. ఏ నెలలో కోశారు, ఏ నేలలో పెరిగింది, నీళ్లలో నానబెట్టారా ఆల్కహాల్‌లోనా అన్నదాన్ని బట్టి రసం మారిపోతుంది. ఒక ఊళ్లో వచ్చిన ఫలితం ఇంకో ఊళ్లో రాకపోవడానికి సగం కారణం ఇదే.

గుంట నుంచి ఒంట్లోకి

పలకలో గెలిచిన పైపరిన్ ఒంట్లో కూడా గెలవాలంటే ఎంత కావాలి? ఇలాంటి పరీక్షల్లో మిల్లీలీటరుకు పాతిక మైక్రోగ్రాముల లెక్కన పైపరిన్ వేయడం మామూలే. మన ఒంట్లో సుమారు 40 లీటర్ల నీరుంటుంది. అంతటా ఆ పలుచన నిలవాలంటే ఒక గ్రాము పైపరిన్ లోపల ఉండాలి. మిరియాల బరువులో సుమారు 5 శాతం పైపరిన్ అనుకుంటే, అది 20 గ్రాముల మిరియాలకు సమానం. అదీ తిన్నదంతా పేగు పీల్చుకుని, కాలేయం ఏ మాత్రం విరగ్గొట్టకుండా ఉంటేనే. ఒంట్లో అలా జరగదు. పైగా రక్తంలోని ప్రోటీన్లు ఇలాంటి జిడ్డు స్వభావం ఉన్న పదార్థాల్ని చాలావరకు పట్టేసుకుంటాయి, బ్యాక్టీరియా దాకా పోనివ్వవు. పలకలో బ్యాక్టీరియాకు ఆహారంగా పోసే పులుసులో ఆ ప్రోటీన్లు ఉండవు. కషాయం సంగతైతే, పైపరిన్ నీటిలో కరిగేదే చాలా తక్కువ. చల్లటి నీరు లీటరుకు 40 మిల్లీగ్రాములు కరిగించుకుంటే గొప్ప.

మరి మోతాదు పెంచితే? పంపును ఆపడంలో మొదట పేరు తెచ్చుకున్నది మన సర్పగంధ వేరు నుంచి తీసే రెసర్పిన్. 1950లలో బీపీకి ప్రపంచమంతా వాడిన మందు అది. గొట్టంలో బ్యాక్టీరియా పంపును చక్కగా ఆపుతుంది. ఆపడానికి కావలసిన మోతాదును మనిషికి ఇస్తే మాత్రం ఆ మనిషి నిలవడు. టీ ఆకులోని కాటెచిన్లు మొండి స్టెఫిలోకాకస్‌ను పెన్సిలిన్ జాతి మందులకు మళ్లీ లొంగేలా చేస్తాయని జపాన్‌లో చూశారు. తాగిన టీ నుంచి రక్తంలోకి చేరేది ఆ లెక్కకు చాలదు. వాములోని థైమాల్ బ్యాక్టీరియా పొరను చిల్లులు చేస్తుంది. అంత మోతాదులో అది మన కణాల పొరల్నీ వదలదు. అందుకే పుండు మీద రాసే లేపనంలోనో, రోగి ఒంట్లోకి పెట్టే గొట్టాల మీద పూసే పూతలోనో ఈ జంటలు ముందుగా పనికొస్తాయని నేను నమ్ముతాను. అక్కడ మందు చోటు దాటి ఒళ్లంతా తిరగనక్కర్లేదు, కావలసినంత ఒక్కచోటే పెట్టొచ్చు. ఇప్పటిదాకా బ్యాక్టీరియా పంపును ఆపే మందంటూ ఏదీ ఆసుపత్రి వాడకానికి అనుమతి పొందలేదు.

అయితే పైపరిన్ కలిసిన మాత్ర మన దేశంలో మార్కెట్లోకి వచ్చింది కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. వచ్చింది. 2009లో రైసోరిన్ అనే క్షయ మందు వచ్చింది. అందులో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్‌తో పాటు 10 మిల్లీగ్రాముల పైపరిన్ ఉంటుంది. మామూలుగా 450 మిల్లీగ్రాములు ఇచ్చే రిఫాంపిసిన్‌ను అందులో 200కు తగ్గించారు. దీని వెనక పెద్ద కథే ఉంది. ఆయుర్వేద మందుల్లో త్రికటు, అంటే శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, ఎందుకంత తరచుగా కనిపిస్తాయని 1970ల చివర్లో జమ్మూ పరిశోధనశాలలో సి.కె. అతల్ బృందం ఆలోచించింది. పిప్పళ్లు, మిరియాలలోని పైపరిన్ పక్కనున్న మందును ఎక్కువగా రక్తంలోకి చేరుస్తుందని తేల్చింది.

ఇక్కడే ముడి పడుతుంది, ఇక్కడే విప్పాలి. రైసోరిన్‌లో పైపరిన్‌ను పెట్టింది మన పేగు, మన కాలేయం మీద పని చేయడానికి. మందును పేగులోంచి వెనక్కి తోసే పంపు మనలోనూ ఒకటుంది, దాన్ని తగ్గిస్తుంది. మందును విరగ్గొట్టే కాలేయ ఎంజైమ్‌ను తగ్గిస్తుంది. దానివల్ల తక్కువ మాత్రతోనే రక్తంలో చాలినంత మందు ఉంటుంది. క్షయ క్రిమి రిఫాంపిసిన్‌కు ముందే మొండికేసి ఉంటే ఈ మాత్ర దాన్ని లొంగదీస్తుందని అర్థం కాదు. బ్యాక్టీరియా పంపును ఆపడం వేరే పని, దానికి ఎన్నో రెట్లు ఎక్కువ పైపరిన్ కావాలి. ఒకే పదార్థానికి ఉన్న ఈ రెండు పనులూ కలిసిపోయి, ‘మిరియం మందు బలం పెంచుతుంది’ అనే ఒక్క వాక్యంగా ఊరంతా తిరుగుతున్నాయి.

అపాయం కూడా ఈ రెంటి మధ్య తేడాలోనే ఉంది. బెంగళూరులో 1998లో చేసిన ప్రయోగంలో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే రక్తంలో కర్క్యుమిన్ ఇరవై రెట్లు పెరిగింది. ఎనిమిది, పది మిరియపు గింజల్లో ఉండే మొత్తం అది. అంటే వంటింటి మోతాదు బ్యాక్టీరియాకు చాలదు గానీ, మన ఒంటికి మాత్రం చాలు. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, గుండెకు వాడే ప్రొప్రనొలాల్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ మోతాదులు రక్తంలో పైపరిన్ వల్ల పెరుగుతాయని చూశారు. చారులో మిరియాలు అందరం తింటాం, దానికి భయపడనక్కర్లేదు. రోజూ పైపరిన్ క్యాప్సూళ్లో, గట్టి కషాయమో మొదలుపెడితే మాత్రం డాక్టరుకు చెప్పి తీరాలి. మా అత్తయ్య ఏళ్లుగా ప్రొప్రనొలాల్ వాడుతోంది. ఆ ఫోన్ సందేశం రాసినవాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

రెండు మందులు కలిస్తే మంచే జరుగుతుందన్న భరోసా కూడా లేదు. 1951లో అమెరికాలో న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల మెదడు పొరలు వాచిన (మెనింజైటిస్) రోగులకు పెన్సిలిన్‌తో పాటు మన సుబ్బారావు గారి బృందం తెచ్చిన ఆరియోమైసిన్ కూడా ఇచ్చి చూశారు. రెండూ మంచి మందులే. పెన్సిలిన్ ఒక్కటే తీసుకున్నవాళ్ల కన్నా రెండూ తీసుకున్నవాళ్లే ఎక్కువ శాతం చనిపోయారు. పెన్సిలిన్ పెరుగుతున్న బ్యాక్టీరియానే చంపగలదు. ఆరియోమైసిన్ ఆ పెరుగుదలను ఆపేసింది. మందుకూ మందుకూ మధ్యే ఇలా జరిగినప్పుడు, వందల పదార్థాలున్న కషాయం విషయంలో ఎంత జాగ్రత్త కావాలి. పాలతో కలిపి వేసుకుంటే సిప్రో సరిగా ఒంటికి పట్టదని డాక్టర్లు చెప్పేదీ ఇలాంటిదే. పాలలోని కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది.

తోడు పదార్థం నిజంగా మందుగా మారిన ఉదాహరణ అత్తయ్య రిపోర్టులోనే ఒక వరుసలో ఉంది. అమాక్సిసిలిన్ పక్కన క్లావులానిక్ యాసిడ్. క్లావులానిక్ యాసిడ్‌కు బ్యాక్టీరియాను చంపే శక్తి దాదాపు లేదు. పెన్సిలిన్ జాతి మందుల్ని ముక్కలు చేసే ఎంజైమ్‌కు తాను అడ్డం పడి, అమాక్సిసిలిన్‌ను కాపాడుతుంది. 1981లో ఈ జంట బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. ఆ పదార్థం మొక్క నుంచి రాలేదు, మట్టిలోని బ్యాక్టీరియా నుంచే వచ్చింది. అయినా మొక్కల పదార్థాలు దాటాల్సిన మెట్లు ఏమిటో ఇది చూపిస్తుంది. ఒక్క అణువును విడిగా తీశారు. ఎంత మోతాదు చాలో కొలిచారు. అన్నిటికన్నా ముఖ్యం, రెండూ ఒంట్లో సుమారు గంటలోనే సగమవుతాయి. ఒకటి ముందే వెళ్లిపోయి రెండోది ఒంటరిగా మిగిలే పరిస్థితి రాదు. కాపలావాడు నిద్రపోయిన వేళ దొంగ రాకుండా ఉండాలంటే ఈ జత కుదరాలి. పైపరిన్, సిప్రోలకు ఇలాంటి జత కుదిర్చే పని ఇంకా మిగిలే ఉంది.

బ్యాక్టీరియా కూడా ఆగలేదు. 2008లో స్వీడన్‌లో ఒక రోగిలో ఎన్‌డీఎం-1 అనే కొత్త ఎంజైమ్ కనిపించింది. అంతకుముందు ఆయన న్యూఢిల్లీలో చికిత్స పొందారు. ఇది జింకును వాడుకుని కార్బపెనెమ్‌ల వంటి ఆఖరి మందుల్నీ ముక్కలు చేస్తుంది. క్లావులానిక్ యాసిడ్ దీని ముందు పని చేయదు. 2014లో కెనడాలో గెరీ రైట్ బృందం ఒక బూజు నుంచి తీసిన పదార్థం ఆ జింకును లాగేసి, ఎలుకల్లో ఆ కార్బపెనెమ్‌లలో ఒకటైన మెరోపెనెమ్‌కు బలం తిరిగి తెచ్చింది. ఈ వెతుకులాట ఇప్పుడు మొక్కల్లో, బూజుల్లో, సముద్రంలో అన్నిచోట్లా సాగుతోంది. సాగాలి కూడా. డబ్బు పెట్టేవాళ్లే తక్కువ. ఐదారు రోజులు వాడి ఆపేసే మందు మీద లాభం తక్కువ. పైగా జంట మందుకు రెండు అణువుల భద్రతనూ విడివిడిగా, కలిపి నిరూపించాలి. అమెరికాలో అకావోజెన్ అనే కంపెనీ 2018లో కొత్త యాంటీబయాటిక్‌కు అనుమతి తెచ్చుకుని, 2019లోనే దివాలా తీసింది. ప్రభుత్వాల డబ్బు లేకుండా మిరియం పలక దాటి ఆసుపత్రికి చేరుతుందని నేను అనుకోను.

ఇంకో మాట చెప్పకపోతే మనసు ఒప్పుకోదు. మనం ఒకవైపు సిప్రోకు బలం ఇచ్చే తోడును వెతుకుతున్నాం. 2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ నీటిలో బతికే బ్యాక్టీరియాకు పంపులు పెంచుకోవడం తప్ప వేరే దారి ఉండదు. తోడు అణువును కనిపెట్టడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. మొండి బ్యాక్టీరియాను పెంచడానికి ఒక కాలువ చాలు.

ఇక అత్తయ్య ప్రశ్న. ఆవిడకు పట్టింది ఈ. కోలై. మిరియం గెలిచింది స్టెఫిలోకాకస్ మీద. ఈ. కోలైకి బయట ఇంకో పొర ఉంటుంది, చాలా పదార్థాలు దాన్నే దాటలేవు. దాని ముఖ్యమైన పంపు కూడా మూడు భాగాలుగా రెండు పొరల్నీ చీల్చుకుని ఉంటుంది, నార్ ఏ లాంటిది కాదు. అన్నిటికీ మించి, ఈ. కోలై సిప్రోకు గట్టిగా మొండికేసినప్పుడు ఎక్కువసార్లు కారణం పంపు కాదు. మందు పట్టుకునే చోటే మారిపోయి ఉంటుంది. తాళమే మార్చేసిన ఇంటికి పాత తాళంచెవిని ఎంత లోపలికి తోసినా తలుపు తెరుచుకోదు.

ఇదంతా ఆవిడకు మంచం పక్కన కూర్చుని చెప్పాను. డాక్టరు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి, రిపోర్టులో ఎస్ ఉన్న ఇంజెక్షన్ రాశారు. నాలుగో రోజుకు జ్వరం పూర్తిగా దిగింది. ఐదో రోజు మధ్యాహ్నం ఆకలేస్తోందని మిరియాల చారు పెట్టమంది. మా అమ్మ రోట్లో గింజలు దంచుతుంటే, అత్తయ్య అక్కడి నుంచే అడిగింది. “ఇందులో ఎంతుంటుందిరా నువ్వు చెప్పిన ఆ పదార్థం?”

లెక్కపెట్టాను. పది గింజలున్నాయి. అర గ్రాము ఉంటాయేమో. పాతిక మిల్లీగ్రాములు అని చెప్పాను. చారు గిన్నెలోకి కరిగేది అందులోనూ కొంతే. అత్తయ్య రెండుసార్లు వడ్డించుకుని తింది.